గెలీలియో, మెండెల్, మనం

సైన్సూ క్రైస్తవ విశ్వాసమూ పుట్టు శత్రువులని మనలో చాలామంది రచయితల నమ్మకం. నేనూ అలాగే నమ్మాను. తరగతిలో గెలీలియో కథను అలాగే చెబుతూ వచ్చాను. చరిత్రను దగ్గరగా చూశాక అది సగం నిజమేనని తేలింది.

గెలీలియో నాస్తికుడు కాడు. 1615లో టస్కనీ రాజమాత క్రిస్టీనాకు రాసిన లేఖలో ఆయన బైబిలును తోసిపుచ్చలేదు. ప్రకృతీ, పవిత్ర గ్రంథమూ ఒకే దేవునివి గనుక, రుజువైన సత్యానికి విరుద్ధంగా కనిపించే వాక్యాలకు అక్షరార్థం పట్టుకు వేలాడరాదని వాదించాడు. అంటే అసలు తగాదా విశ్వాసంతో కాదు. వాక్యానికి అర్థం చెప్పే హక్కు ఎవరిదన్నదే. ఆ హక్కును చర్చి తన గుప్పిట్లోనే ఉంచుకుంది. 1632లో గెలీలియో తన 'సంభాషణ'ను పండితుల లాటిన్‌లో కాక, జనం మాట్లాడే ఇటాలియన్‌లో వెలువరించాడు. మరుసటి ఏడు విచారణ జరిగింది. తన మాటను తానే కాదనవలసి వచ్చింది. 1642లో మరణించేదాకా గృహనిర్బంధమే.

ఇక రెండో సగం. బఠాణీ మొక్కలతో ప్రయోగాలు చేసి వంశపారంపర్య సూత్రాలను 1866లో ప్రచురించిన మెండెల్ క్రైస్తవ సన్యాసి. ఆ సూత్రాల మీద పెరిగిన జన్యుశాస్త్రాన్ని 1948లో సోవియట్ యూనియన్‌లో బహిష్కరించినది చర్చి కాదు. రాజ్యం అండతో లైసెంకో వర్గం. జన్యుశాస్త్రజ్ఞుడు వావిలోవ్ అప్పటికే, 1943లో, జైలులో మరణించాడు.

ఈ మాట మనకు చేదే. కాని చెప్పుకోక తప్పదు. మన విమర్శకు గురి కావలసినది విశ్వాసి కాదు, ప్రశ్నను నేరంగా మార్చే అధికారం. అది ఏ గ్రంథం చేతపట్టుకొని వచ్చినా సరే, ఆ గ్రంథం మనదైనా సరే.