బంకు మూశారు, టాంకు వదిలేశారు

రోడ్డు పక్క పెట్రోలు బంకు మూసేసి పదేళ్లయింది. అయినా కూలీపేటలో బోరు కొడితే పెట్రోలు వాసన! మేము అడగబోతే, ‘మరగబెట్టుకుని తాగండి’ అన్నాడొక అధికారి. మరగబెడితే చచ్చే పురుగా ఇది?

పంపులు పీకేశారు గాని ఇనుప టాంకు భూమిలోనే వదిలేశారు. తుప్పుపట్టిన టాంకు కారితే పెట్రోలు నీటిపై తెట్టులా తేలుతుంది. అందులోని బెంజీను నీళ్లలో కరుగుతుంది. అది రక్త క్యాన్సరు తెచ్చే విషం. అమెరికాలోని శాంటా మోనికాలో బంకుల టాంకులు కారి, 1996లో బావులు మూయాల్సివచ్చింది. ఊరి తాగునీటిలో సుమారు సగం పోయింది. ఆ ఖర్చు చమురు కంపెనీల చేత కట్టించారు.

ఇక్కడ కనీసం టాంకు తవ్వి చూడరా? చుట్టూ బోర్లు వేసి మట్టి, నీరు పరీక్షించాలి, ఫలితం కాగితం మీద ఇవ్వాలి. అందాకా పేటకు ట్యాంకరు నీళ్లు తోలాలి. సోమవారం అర్జీతో కలెక్టరాఫీసుకు పోతున్నాం. ఆ బోరు నీళ్లు సీసాలో పట్టుకెళుతున్నాం.