మునిగినా బతికే వరి, తడిస్తే తలవాల్చే పత్తి

2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఒక్కరోజు వానకు అదే రికార్డు. ఉమ్మడి వరంగల్‌లో ఆ వారం వరి మడులూ పత్తి చేన్లూ అవే నీళ్లలో నానాయి. కానీ ముంపులో ఆ రెండు పంటలూ చేసే పనులు వేరు. చేయించేది మాత్రం ఒకే వాయువు.

అది ఇథిలిన్. మామిడికాయలను మగ్గించేది ఇదే. ప్రతి మొక్కా దీన్ని కొద్దికొద్దిగా తయారుచేసి గాలిలోకి వదిలేస్తుంటుంది. నీళ్లలో వాయువుల కదలిక గాలిలో కన్నా దాదాపు 10,000 రెట్లు నెమ్మది. మునిగిన మొక్క నుంచి ఇథిలిన్ బయటికి పోలేక లోపలే పేరుకుంటుంది. ఆక్సిజన్ పూర్తిగా అడుగంటకముందే ‘మునిగాం’ అన్న కబురు ఆకు ఆకుకూ అందుతుంది.

ఈ వాయువు మొక్కల మీద పనిచేస్తుందని 1901లో తేల్చినవాడు రష్యాకు చెందిన దిమిత్రి నెల్యుబోవ్. సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రయోగశాలలో బఠానీ మొలకలు వంకర్లు పోతుంటే కారణం వెతికాడు. దీపాలకు వాడే గ్యాస్‌లోని ఇథిలిన్ దొరికింది.

కబురు అందగానే బంగ్లాదేశ్ లోతునీటి వరి పరుగు అందుకుంటుంది. జిబ్బరెల్లిన్ అనే మరో హార్మోను విజృంభించి కణుపుల మధ్య కాండాన్ని సాగదీస్తుంది. రోజుకు 20, 25 సెంటీమీటర్లు పెరిగి నీటిపైన తల పెడుతుంది. ఇందుకు కారణమైన రెండు జన్యువులను 2009లో జపాన్ శాస్త్రవేత్తలు పట్టుకున్నారు.

మన పొట్టి రకాలకు ఆ పరుగు చేటే. దాచుకున్న పిండిపదార్థమంతా సాగడానికే ఖర్చుపెట్టి, నీళ్లు తీసేసరికి నిలబడలేక పడిపోతాయి. ఒడిశా నాటు వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఎ తీరు వేరు. ముంపులో అది పెరగడం మానేసి, ఉన్నది దాచుకుని, కదలకుండా కూర్చుంటుంది. అందులోని సబ్-1ఎ జన్యువు ఇథిలిన్ కబురు విని జిబ్బరెల్లిన్ మాట చెల్లనివ్వదు. ఈ జన్యువును 2006లో గుర్తించారు. దాన్ని ఎక్కించడానికి ఎంచుకున్న రకాల్లో ఒకటి మన మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029. స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా పూర్తిగా మునిగినా తేరుకుని మళ్లీ పిలకలు వేస్తుంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు, సంకరంతో వచ్చినదే. బాపట్ల సాంబ మసూరికీ ఇదే జన్యువు ఎక్కించారు.

అయితే సబ్-1 అంటే అన్ని ముంపులకూ మందు అనుకోవద్దు. నాట్లేసినప్పటి నుంచి పిలకల దశ దాకానే దాని బలం. పూతలో, కోతలో మునిగితే అది చేయగలిగింది పెద్దగా లేదు. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వరంగల్, హనుమకొండలను ముంచేనాటికి చాలాచోట్ల వరి కోతకొచ్చి ఉంది. అప్పుడు కథంతా గింజలో నడుస్తుంది. మొలకెత్తకుండా గింజను ఆపి ఉంచేది అబ్సిసిక్ ఆమ్లం. గింజ ముదిరేకొద్దీ దాని పట్టు సడలుతుంది. పడిపోయిన కంకి రోజుల తరబడి తడిలో ఉంటే జిబ్బరెల్లిన్‌ది పైచేయి అవుతుంది, పిండి చక్కెరగా మారుతుంది, కంకి మీదే తెల్లటి మొలక పొడుచుకొస్తుంది. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద పిచికారీ చేయమని మన వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది ఈ మొలకను ఆపడానికే. వంటింటి ఉప్పుకు ఇంత పని ఉందని ఎంతమందికి తెలుసు?

మొక్కజొన్నది ఇంకో ఎత్తు. నీళ్లు నిలిస్తే దాని వేళ్లలోని కొన్ని కణాలు ఇథిలిన్ ఆజ్ఞతో చచ్చిపోతాయి. ఆ ఖాళీలే గాలి పోయే దారులవుతాయి. వరికి ఇలాంటి దారులు ముందునుంచే ఉంటాయి.

ఇక పత్తి. బెట్టకు వాడిన నల్లరేగడి చేనులో భారీ వాన పడి, వెంటనే ఎండ కాస్తే, చాలులో ఒక మొక్క ఉన్నట్టుండి వాలిపోతుంది. పక్క మొక్క పచ్చగానే ఉంటుంది. దీన్నే పారా విల్ట్ అంటారు. తెగులూ కాదు, పురుగూ కాదు. గాలాడని వేళ్లలో ఇథిలిన్ ముడిసరుకు తయారవుతుంది గానీ, దాన్ని ఇథిలిన్‌గా మార్చాలంటే ఆక్సిజన్ కావాలి. అది కింద లేదు. అందుకే ముడిసరుకు నీటితోపాటు పైకెక్కి ఆకుల్లో ఇథిలిన్‌గా మారుతుంది. టమాటాలో ఈ ప్రయాణాన్ని 1980లోనే నిరూపించారు. ఆకులు వాలడం, పూత, పిందె రాలడం దీని చలవే. పారా విల్ట్‌కు లీటరు నీటికి 10 మిల్లీగ్రాముల కోబాల్ట్ క్లోరైడ్ కొట్టమనేది ఇథిలిన్ తయారీకి అడ్డుపడుతుందనే. మొక్క వాలిన కొద్ది గంటల్లోనే కొట్టాలి, పూర్తిగా ఎండాక లాభం లేదు. పూత రాలకుండా చల్లే ప్లానోఫిక్స్ కూడా హార్మోనే, ఆక్సిన్ జాతిది. 4.5 లీటర్ల నీటికి ఒక్క మిల్లీలీటరు చాలు, ఎక్కువైతే మేలు కన్నా కీడే ఎక్కువ.

మందు డబ్బా మూత తీసేముందు చేను వాలు చూసి కాలువ తీయండి. వేళ్లకు గాలి తగలనంతకాలం ముడిసరుకు పైకెక్కుతూనే ఉంటుంది. చెరువు కింది లోతట్టు మడులున్నవారు మాత్రం విత్తనం కొనకముందే వరంగల్ ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన స్థానంలో ముంపు తట్టుకునే రకాల గురించి అడగండి.