తలకిందుల కొండ: వేసవిలో కాన్యన్ల యాత్ర

వేసవి సెలవులు వచ్చాయంటే ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చి ఉంటారు, పిల్లలకు బడి ఉండదు. మనవాళ్ళు చాలామంది లాస్ వేగాస్‌లో కారు అద్దెకు తీసుకుని జయాన్, బ్రైస్, పేజ్ ఊరి దగ్గరి యాంటిలోప్ కాన్యన్, ఆఖరున గ్రాండ్ కాన్యన్ చుట్టి వస్తారు. పెద్దవాళ్ళతోనూ, పిల్లలతోనూ నేనూ ఈ దారిన తిరిగాను. ఎక్కడ దిగాలి, ఎక్కడ ఫొటోలు తీసుకోవాలి అన్నవి మీకు ఎవరైనా చెబుతారు. ఈ పూట నేను ఎండ గురించీ, నీళ్ళ గురించీ మాత్రమే చెబుతాను.

మనకు కొండ అంటే తిరుమల. అలిపిరి దగ్గర మొదలుపెట్టి మెట్లెక్కుతాం. కష్టమంతా ముందే ఉంటుంది. ఓపిక చాలకపోతే వెనక్కి దిగిపోవచ్చు. గ్రాండ్ కాన్యన్ దీనికి సరిగ్గా తలకిందులు. కారు ఆపేది కొండ కొమ్మున, దారేమో కిందికి. పొద్దున్నే చల్లగా ఉంటుంది, కాళ్ళు వాటంతట అవే నడుస్తాయి. అలసట తెలిసేసరికి ఎక్కవలసిందంతా మిగిలే ఉంటుంది, సూర్యుడు నడినెత్తికి వచ్చి ఉంటాడు. దిగడానికి గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు పడుతుందని అక్కడి రేంజర్లు చెబుతారు. అంటే మీ దగ్గర మూడు సీసాల నీళ్ళుంటే మొదటి సీసా అయిపోకముందే వెనక్కి తిరగాలి.

ఇంకో సంగతి. దిగినకొద్దీ వేడి పెరుగుతుంది. సౌత్ రిమ్ సముద్రమట్టానికి సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంది. అడుగున కొలరాడో నది ఒడ్డు సుమారు 2,500 అడుగులు. వెయ్యి అడుగులు దిగితే దాదాపు 5 డిగ్రీల ఫారెన్‌హైట్ వేడి ఎక్కువవుతుంది. పైన 85 ఉండి హాయిగా గాలి వీస్తున్న రోజున కింద 105 దాటుతుంది. చుట్టూ ఉన్న రాతిగోడలు పొయ్యి మీది పెనంలా కాగి ఆ వేడిని మన మీదికే వదులుతాయి. అందుకే వేసవిలో పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా కాన్యన్ లోపల నడవవద్దని పార్కువాళ్ళు చెబుతారు.

"మేము రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం, మాకు ఎండ కొత్తా?" అని పెద్దవాళ్ళు అంటారు. మాట నిజమే గాని, ఇక్కడి ఎండ వేరు. మన కోస్తాలో గాలిలో తేమ ఉంటుంది కనుక చెమట కారి చొక్కా తడిసిపోతుంది. ఒంట్లో నీరు పోతోందని కంటికి కనబడుతుంది. ఎడారి గాలి బాగా పొడి. చెమట పట్టీపట్టగానే ఆరిపోతుంది, "నాకసలు చెమటే పట్టలేదు" అనిపిస్తుంది. చొక్కా మీద తెల్లని ఉప్పు చారలు కనబడ్డాకగాని సంగతి తెలియదు. పైగా వయసు మీదపడ్డవాళ్ళకు దాహం త్వరగా తెలియదు. బీపీకి వాడే మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని ఇంకా తగ్గిస్తాయి. బయలుదేరే ముందే డాక్టరుగారిని అడగడం మంచిది.

అలాగని ఉత్త నీళ్ళే సీసాలకు సీసాలు తాగినా ప్రమాదమే. రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి. నీళ్ళతోపాటు ఉప్పుండే తిండి తినాలి. ఈ విషయంలో మనకు లోటేమీ లేదు. పులిహోర, జంతికలు, ఉప్పు వేసిన మజ్జిగ అన్నీ ఐస్‌పెట్టెలో ఉంటాయి కదా! మనిషి మాట తడబడినా, అయోమయంగా ప్రవర్తించినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, విసురుతూ, 911కు ఫోన్ చేయించాలి. లోయలో సెల్‌ఫోన్ పనిచేస్తుందన్న భరోసా పెట్టుకోవద్దు.

ఇక నీళ్ళ సంగతి. ఎడారిలో దాహంతోనే కాదు, వరదలోనూ ప్రాణాలు పోతాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా అక్కడ మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడతాయి. నేల చాలావరకు బండరాయి, నీరు ఇంకదు. ఎక్కడో మైళ్ళ దూరాన పడ్డ వాన అంతా ఇరుకు సందులోకి గోడలా వచ్చిపడుతుంది. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది యాత్రికులు ఇలాగే కొట్టుకుపోయారు. వాన పడింది వాళ్ళున్న చోట కాదు, ఎగువన. 2015 సెప్టెంబరులో జయాన్‌లోని కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు పోయారు. యాంటిలోప్ నవాహో జాతివారి భూమి, గైడు లేకుండా వెళ్ళనివ్వరు. వాళ్ళు ఆ రోజు వద్దంటే డబ్బు పోయిందని బాధపడకండి. జయాన్‌లో నారోస్ నడకకు వెళ్ళేవాళ్ళు తలపైన ఆకాశం చూసి నిర్ణయించుకోకుండా ఆనాటి వరద సూచన చూసుకోవాలి. నీరు బురద రంగుకు తిరిగినా, చప్పుడు పెరిగినా వెంటనే ఎత్తయిన చోటికి ఎక్కాలి.

గడియారం విషయం కూడా చెప్పాలి. వేసవిలో యూటా సమయం అరిజోనాకంటే గంట ముందు ఉంటుంది. అరిజోనాలో గడియారం మార్చరు, కాని ఆ రాష్ట్రంలోనే ఉన్న నవాహో ప్రాంతంలో మారుస్తారు. ఆ సరిహద్దుల్లో సెల్‌ఫోన్ ఒక్కోసారి తప్పు సమయం చూపిస్తుంది. టిక్కెట్టు మీద ఉన్నది ఏ సమయమో అడిగి తెలుసుకోండి.

లోయలోకి దిగకపోతే వెళ్ళినా వెళ్ళనట్టే అనుకోవద్దు. సౌత్ రిమ్‌లో మేథర్ పాయింట్ దగ్గర అంచు వెంట చదునైన బాట ఉంది, ఉచితంగా బస్సులు తిరుగుతాయి. జయాన్‌లో రివర్‌సైడ్ వాక్ నది పక్కనే, చాలావరకు నీడలో సాగుతుంది. బ్రైస్‌లో సన్‌సెట్ పాయింట్ నుంచి ఎర్రరాతి స్తంభాలన్నీ కనబడతాయి. అది 8,000 అడుగుల ఎత్తు కనుక పొద్దున స్వెటరు కావాలి, ఆయాసం ఉన్నవాళ్ళు నెమ్మదిగా నడవాలి. తెల్లవారుజామున 5 గంటలకు లేచి కాఫీ తాగి బయలుదేరడం మన పెద్దవాళ్ళకు అలవాటే. ఈ యాత్రలో వాళ్ళ వేళలనే ఇంటిల్లిపాదీ పాటించండి. మధ్యాహ్నం ఎండ వేళ గదిలో పడుకోండి, సాయంత్రం మళ్ళీ బయలుదేరండి. అందరూ క్షేమంగా వెళ్ళి లాభంగా రండి. సెలవు.