చిక్కదనంలో మూడు తీరులు

పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీదుగా కాలువను దాటించే అక్విడెక్టుకు అవతల రాజోలు సీమ మొదలవుతుంది. కాటన్ కాలంలో, 1850వ దశకంలో కట్టిన పాత అక్విడెక్టు పక్కనే తరువాతి రోజుల్లో కట్టిన కొత్తదానికి నిత్యాన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. నది నెత్తిన మరో నీటిని మోయించడానికి ఆనాటి ఇంజనీర్లు ప్రధానంగా సాధించవలసింది సరైన వాలు. వాలు కుదిరితే నీరు తన దారి తాను చూసుకుంటుంది. అదే సీమలో కొబ్బరితోటల మధ్య నేల లోతుల నుంచి ముడి చమురును పైకి తెచ్చి తాటిపాకలోని రిఫైనరీకి చేర్చేవారికి మాత్రం వాలూ, పీడనమూ, పంపూ చాలవు. ఆ ద్రవం ఎప్పుడు పారుతుందో, ఎప్పుడు ఎందుకు మొరాయిస్తుందో చెప్పే రసాయనశాస్త్రం కూడా వారికి కావాలి.

కోనసీమ అనగానే చమురు కంటే ముందు గ్యాసు గుర్తుకు రావడం సహజమే. 1995 జనవరి 8న పాశర్లపూడి 19వ నంబరు బావిలో ఎగసిన మంట 65 రోజుల పాటు ఆరలేదు. కృష్ణా-గోదావరి బేసిన్ ఇచ్చేది ప్రధానంగా గ్యాసు, దానితో పాటు తేలికపాటి చమురు. ఓఎన్‌జీసీ 1987లో కనుగొన్న రవ్వ సముద్రక్షేత్రం చమురు కూడా ఆ కోవలోనిదే. ప్రపంచమంతా భార చమురు, బిటుమెన్ అని పిలిచే సరుకు ఇక్కడ లేదు. చమురు భారాన్ని కొలిచే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ కొలమానంలో నీటికి 10 డిగ్రీలు. అంకె పెరిగేకొద్దీ చమురు తేలిక. దాదాపు 22 డిగ్రీలకు లోపు ఉన్నది భార చమురు, 10కి లోపు ఉన్నది నీటిలో మునిగేంత బరువైనది. పారడానికి ద్రవం చూపే అయిష్టతను, అంటే స్నిగ్ధతను, సెంటీపాయిజ్ అనే ప్రమాణంతో కొలుస్తారు. నీటిది దాదాపు 1, ఆముదానిది వందల్లో ఉంటుంది, 10,000 దాటితే దాన్ని బిటుమెన్ అంటారు.

అయినా కోనసీమ చమురుకు చిక్కదనపు తంటా లేదనుకుంటే పొరపాటు. సామాన్య పాఠకుడే కాదు, కొన్నిసార్లు ఈ విషయంపై రాసేవారు కూడా చిక్కగా ఉన్న చమురునంతా ఒకే గాటన కట్టేస్తుంటారు. నిజానికి చమురును కదలనివ్వని కారణాలు కనీసం మూడున్నాయి: మైనం, నీటితో కలిసిన ఎమల్షన్, ఆస్ఫాల్టీన్లు. మూడింటి స్వభావమూ వేరు, మందూ వేరు; ఒకదాని మందు మరొకదానికి వేస్తే డబ్బు దండగ, కొన్నిసార్లు బావికే చేటు.

మొదటిదాన్ని అర్థం చేసుకోవడానికి కోనసీమ ఇళ్లలోని కొబ్బరినూనె సీసా చాలు. సంక్రాంతి ముందరి చలికి, సుమారు 24 డిగ్రీల దగ్గర, ఆ నూనె తెల్లగా పేరుకుంటుంది. ఎండలో పెడితే మళ్లీ కరుగుతుంది. నూనె చెడిపోలేదు, మారిపోలేదు; దానిలోని తిన్నని గొలుసుల వంటి అణువులు చలికి పక్కపక్కన సర్దుకుని స్ఫటికాలయ్యాయి, అంతే. కృష్ణా-గోదావరి చమురులో చాలావరకు మైనం పాలు ఎక్కువ. ఆ మైనం అణువులు కూడా కర్బన పరమాణువులు వరుసగా కూర్చిన తిన్నని గొలుసులే. వేల మీటర్ల లోతులో వంద డిగ్రీల వేడి దగ్గర ఆ చమురు నీళ్లలా ఉంటుంది. గొట్టంలో పైకి వస్తూ చల్లబడేకొద్దీ మైనం పలకలుగా విడిపడి, పేకముక్కలతో కట్టిన మేడలా ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో ద్రవ చమురును బంధిస్తుంది. నూటికి రెండు మూడు వంతుల మైనమే మొత్తం గొట్టాన్ని గడ్డకట్టించగలగడానికి కారణం ఆ కట్టడమే తప్ప మైనం పరిమాణం కాదు.

దీనికి వేడి ఒక విరుగుడు. రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ దగ్గర 2004లో బయటపడిన మంగళ క్షేత్రపు చమురు మామూలు గది వేడిమికే గట్టిపడేంత మైనంతో నిండినది కావడంతో, దాన్ని గుజరాత్ తీరానికి చేర్చే దాదాపు 670 కిలోమీటర్ల పైపులైనును ఆసాంతం వేడి చేస్తూ నడపవలసి వస్తోంది. రెండో విరుగుడు రసాయనం: ఇథిలీన్-వినైల్ ఎసిటేట్ వంటి పాలిమర్‌ను, అంటే చిన్న అణువులు వేల సంఖ్యలో గొలుసుకట్టుగా చేరిన పదార్థాన్ని, కొద్దిపాటి మోతాదులో కలుపుతారు. ఆ పాలిమర్‌లో ఒక భాగం మైనం గొలుసును పోలి ఉండి స్ఫటికంలో చోటు సంపాదిస్తుంది. పోలని రెండో భాగం పక్కన మరో అణువు సర్దుకోకుండా అడ్డుపడుతుంది. మైనం గట్టిపడటం ఆగదు, కానీ పెద్ద పలకలు కట్టలేక విడివిడి పలుకులుగా మిగిలి చమురుతో పాటు కొట్టుకుపోతుంది. కరిగించడానికి బదులు కట్టడాన్ని చెడగొట్టే ఈ కిటుకు, ఖర్చు లెక్కన చూస్తే, వేడి కంటే ఎంతో తెలివైనది.

రెండో తీరు నీటిది. చమురు బావి చమురునొక్కదాన్నే ఇవ్వదు; వయసు పైబడేకొద్దీ ఉప్పునీరు పాలు పెరుగుతుంది. ఆ రెండూ కవాటాల ఇరుకుల్లోంచి వేగంగా దూసుకొచ్చేటప్పుడు కవ్వం కింద పెరుగు చిలికినట్టు చిలుకబడి, చమురులో సూక్ష్మమైన నీటి బొట్లు చెదిరిన ఎమల్షన్ తయారవుతుంది. సగం నీరున్నా అది నీటిలా పలచబడదు, అసలు చమురు కంటే కొన్ని రెట్లు చిక్కనవుతుంది. బొట్టు చుట్టూ చమురులోని సహజ పదార్థాలు పొరలా కట్టుకుని ఒక బొట్టును మరో బొట్టుతో కలవనివ్వవు. ఇథిలీన్ ఆక్సైడ్, ప్రొపిలీన్ ఆక్సైడ్ ముక్కలతో కూర్చిన డీమల్సిఫయర్లు ఆ పొరలోకి చొరబడి దాన్ని బలహీనపరిస్తే బొట్లు కలిసి, పెద్దవై, అడుగుకు దిగుతాయి. ఈ నీటిని తీసివేయనిదే ఏ రిఫైనరీ, ఎంత చిన్నదైనా, చమురును లోపలికి రానివ్వదు. నీటిలోని ఉప్పు బట్టీ గొట్టాలను తినేస్తుంది.

మూడోది ఆస్ఫాల్టీన్లది. భార చమురుకూ బిటుమెన్‌కూ ఆ స్వభావాన్నిచ్చేవి ఇవే. తూర్పు గోదావరి లంకల్లో నాటుపడవల అడుగుకు పూసే తారు ఎంత కడిగినా చేతిని వదలదు. కెనడాలోని అతబాస్కా నదీతీరపు ఆదివాసులు కూడా తమ పడవల అతుకులను అక్కడి ఇసుకలోంచి ఊరే బిటుమెన్‌తో పూడ్చుకునేవారు. (తెలుగు వాడుకలో బొగ్గు నుంచి తీసేదీ, చమురు నుంచి వచ్చేదీ రెండూ తారే, రసాయనికంగా అవి వేరు.) హెప్టేన్‌లో కరగక, టొలుయీన్‌లో కరిగే భాగాన్ని ఆస్ఫాల్టీన్ అంటారు. మైనం తిన్నని గొలుసైతే ఇది అనేక వలయాలు అతుక్కున్న పలక. గంధకం, నత్రజని దీనిలో దూరి ఉంటాయి, వనేడియం, నికెల్ లోహాలు కూడా ఈ భారమైన భాగంతోనే అంటిపెట్టుకుని ఉంటాయి. 1930వ దశకంలో జర్మన్ రసాయనవేత్త ఆల్‌ఫ్రెడ్ ట్రీబ్స్ ఆ వనేడియాన్ని పట్టి ఉంచిన అణువు ఆకుపచ్చదనానికి మూలమైన క్లోరోఫిల్ వారసురాలని చూపడంతో, చమురు ప్రాచీన జీవుల నుంచే వచ్చిందన్న వాదానికి గట్టి ఆధారం దొరికింది. ఈ పలకలు ఒకదానిపై ఒకటి గుట్టలుగా చేరి, ఆ గుట్టలు గుంపులై చమురును బిగించేస్తాయి. చల్లబరిస్తే మరింత బిగుస్తాయి, కానీ మైనంలా ఒక్క డిగ్రీ దగ్గర హఠాత్తుగా కరగవు. పలుచన చేద్దామని తేలిక ద్రావకం ఎక్కువగా పోస్తే, వాటిని విడదీసి ఉంచే రెజిన్ల కాపు పోయి, నల్లటి మడ్డిగా దిగి రాతి రంధ్రాలనే మూసేస్తాయి. మైనానికి మంచిదైన పలుచటి ద్రావకం ఇక్కడ విషమయ్యేది ఇందుకే.

బిటుమెన్ మీద రసాయనం సాధించిన తొలి పెద్ద విజయం కెనడాలోనిదే. ఆల్బర్టాలో కార్ల్ క్లార్క్ అనే శాస్త్రవేత్త 1920వ దశకంలో పరిశోధించి 1929లో పేటెంటు పొందిన పద్ధతికి కావలసినవి వేడినీళ్లు, కొద్దిపాటి కాస్టిక్ సోడా. బిటుమెన్‌లో నాఫ్తీనిక్ ఆమ్లాలు సహజంగానే ఉంటాయి. క్షారం తగలగానే అవి సబ్బుగా మారతాయి. అంటే సబ్బును బయటి నుంచి తేనక్కర్లేదు, సరుకే తనలోంచి ఇస్తుంది. ఆ సబ్బు నూనె-నీటి హద్దులో చేరి ఇసుక నుంచి బిటుమెన్‌ను ఊడదీస్తే, గాలిబుడగలకు అంటుకుని అది నురగగా తేలుతుంది, ఇసుక అడుగుకు పోతుంది. గని తవ్వి ఈ పద్ధతిలో భారీగా చమురు తీయడం 1967లో మొదలైంది. ఒక్క పీపా చమురుకు దాదాపు రెండు టన్నుల ఇసుకను కడగాలి. కానీ ఆ క్షారమూ, ఆ సబ్బూ చేసిన మేలు వెనుక మరో పని కూడా చేశాయి: ఇసుకతో పాటు వచ్చిన సన్నటి బంకమట్టి రేణువులను నీటిలో ఎంతగా చెదరగొట్టాయంటే, అవి దశాబ్దాలు గడిచినా పూర్తిగా పేరుకోక, ఆమ్లాల విషంతో కూడిన చెరువులుగా నిలిచిపోయాయి. గోదావరి వరదనీటి ఒండ్రు కొన్నాళ్లకు పేరుకుని లంకకు సారమవుతుంది; ఆల్బర్టాలో పేరుకోనివ్వనిదే రసాయనం. దిగుబడి అంకెలు రాసే పుస్తకాలు ఈ సంగతిని చివరి అధ్యాయానికి నెట్టడం న్యాయంగా లేదు.

తవ్వలేనంత లోతున్న భార చమురుకు దారి వేరు. గుజరాత్‌లోని మెహసానా ప్రాంతంలో బలోల్, సంతాల్ క్షేత్రాల్లో ఓఎన్‌జీసీ 1990వ దశకం నుంచి నేలలోపలే మంట పెడుతోంది. బావిలోంచి గాలిని దట్టించి చమురును అంటిస్తే, దానిలోని బరువైన భాగం కోకుగా మారి అదే ఇంధనంగా కాలుతుంది. ముందుకు జరిగే ఆ వేడికి మిగిలిన చమురు కొంత విరిగి, పలచబడి, పక్క బావి వైపు నడుస్తుంది. తనలో కొంత భాగాన్ని కట్టెగా సమర్పించుకుని మిగతాది బయటపడటమన్నమాట. కోనసీమలో బావి మంట అంటే విపత్తు; మెహసానాలో అదే సంస్థకు అది పనిముట్టు.

బావిలోకి నీళ్లు పంపి చమురును తోయడం పాత పద్ధతి. చిక్కటి చమురును పలుచని నీరు సమంగా తోయదు, సందులు వెతుక్కుని వేళ్లలా ముందుకు దూసుకుపోయి, చమురును వెనకే వదిలేస్తుంది. నీటినే గంజిలా చిక్కబరిస్తే ఆ చిక్కు తగ్గుతుంది. అందుకే పాలిఎక్రిలమైడ్ అనే పాలిమర్‌ను కలుపుతారు. మంగళ క్షేత్రంలో ఇది పెద్ద ఎత్తున సాగుతోంది. దానితో పాటు క్షారాన్నీ, సర్ఫాక్టెంట్‌నూ, అంటే సబ్బు వంటి పదార్థాన్నీ పంపితే నూనెకూ నీటికీ మధ్య ఉన్న తలతన్యత వెయ్యి రెట్లకు మించి పడిపోయి, రాతి రంధ్రాల్లో చిక్కుకున్న బొట్లు కూడా కదులుతాయి. కృష్ణా-గోదావరి లోతుల్లో ఇది సులభం కాదు. అక్కడి వేడికి ఆ పాలిమర్ గొలుసులు తెగిపోతాయి, ఉప్పునీటికి చుట్టుకుపోతాయి, గంజి మళ్లీ నీళ్లవుతుంది.

పైకి వచ్చాక శుద్ధి ఘట్టం మొదలవుతుంది. 2001లో తాటిపాకలో ఓఎన్‌జీసీ ప్రారంభించిన మినీ రిఫైనరీ సామర్థ్యం ఏడాదికి 66 వేల టన్నులు. పరిసరాల తేలిక చమురును ప్రధానంగా ఆవిరి చేసి వేరుచేయడమే దాని పని. 1957లో కాల్టెక్స్ కట్టి, తరువాత హిందుస్థాన్ పెట్రోలియం చేతికి వచ్చిన విశాఖ రిఫైనరీ సామర్థ్యాన్ని 83 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నులకు పెంచే విస్తరణలో, గల్ఫ్ తదితర దేశాల బరువైన చమురులు మిగిల్చే అడుగుమడ్డిని విరగగొట్టే పెద్ద విభాగం కూడా ఉంది. చమురు ఎంత బరువైనదైతే దానిలో కర్బనంతో పోలిస్తే హైడ్రోజన్ అంత తక్కువ. దాన్ని డీజిలుగా మార్చాలంటే కర్బనాన్ని తీసేయాలి, లేదా హైడ్రోజన్‌ను చేర్చాలి. సుమారు 500 డిగ్రీల దగ్గర మడ్డిని వండి పెట్రోలియం కోకును మిగిల్చడం మొదటి దారి. రెండో దారిలో ఎక్కువ పీడనంలో, ఉత్ప్రేరకం సమక్షంలో హైడ్రోజన్ ఎక్కిస్తారు. ఇక్కడే ట్రీబ్స్ గుర్తించిన వనేడియం శత్రువవుతుంది: అణువు విరగగానే అది ఉత్ప్రేరకం రంధ్రాల్లో పేరుకుని దాన్ని చంపేస్తుంది. విశాఖ విభాగంలో ఉత్ప్రేరకాన్ని అడుగునుంచి వచ్చే ద్రవప్రవాహంలో తేలియాడిస్తూ, పని ఆపకుండానే పాతదాన్ని తీసి కొత్తదాన్ని వేసే ఏర్పాటుతో పాటు, ద్రావకంతో ఆస్ఫాల్టీన్లను ముందే దించేసే అంచె కూడా జతచేశారు. బావిలో పొరపాటున జరిగితే విపత్తయ్యే మడ్డి దిగడం, రిఫైనరీలో కోరి చేయించుకునే పని.

అప్పటికీ మారనిది కొంత రోడ్లకు పోతుంది. వేడి తారుకు కట్టెలూ పొగా తప్పవు కనుక, నీటిలో బిటుమెన్ బొట్లు చెదిరిన చల్లని ఎమల్షన్‌ను పలు గ్రామీణ రోడ్లకు వాడుతున్నారు. బావి దగ్గర ఎమల్షన్‌ను విడగొట్టడానికి మందు వేస్తే, ఇక్కడ దాన్ని నిలబెట్టడానికి మందు వేస్తారు. ఆ మందు బొట్టు బొట్టుకూ ధన విద్యుదావేశం ఇచ్చి దూరంగా ఉంచుతుంది. రుణావేశమున్న కంకర రాయి తగలగానే బొట్లు దానికి అతుక్కుని నీటిని వదిలేస్తాయి. డ్రమ్ములోంచి పోసినప్పుడు ముదురు గోధుమరంగులో ఉన్న ద్రవం రాళ్ల మీద నల్లబడిందంటే విడిపోయిందని పనివారికి గుర్తు. రోలరును కదపడానికి వారు ఆ నలుపు కోసమే చూస్తుంటారు.