తెల్లని మంచు కింద ఏమున్నది?

పిల్లలూ! మన ఊళ్ళలో మంచు అంటే చలికాలపు తెల్లవారుజామున గడ్డిపరకల మీద మెరిసే బిందువులే. హిమాలయాలలో మంచు అలా కాదు. దూదిపింజల్లాగా రాలి, కొండలన్నిటినీ కప్పేస్తుంది. అంత తేలికైన దూదిపింజలు మనుషులను పూడ్చిపెట్టగలవంటే నమ్ముతారా?

మీ ఇంట్లో ఎవరైనా బదరీనాథ్ యాత్ర చేసి ఉంటే, దానికి ఎగువన ఉన్న మాణా గ్రామం వారికి తెలిసే ఉంటుంది. 2025 ఫిబ్రవరి 28న, మంచు జోరుగా కురుస్తుండగా, ఆ ఊరి దగ్గర కొండమీది మంచు విరిగి జారిపడింది. అక్కడ రోడ్డు పనివాళ్ళు ఇనుప గదులలో ఉంటున్నారు. 54 మంది అందులో చిక్కుకున్నారు. సైనికులూ, తదితరులూ వచ్చి మంచు తవ్వి 46 మందిని కాపాడగలిగారు. 8 మంది చనిపోయారు.

ఇలా జారిపడే మంచును మంచుచరియ అంటారు. అది ఎందుకు జారుతుంది? మీరు పూతరేకులు తిన్నారు కదా! పొరకూ పొరకూ మధ్య పంచదార ఉంటుంది. కొండమీది మంచు కూడా పొరలు పొరలుగానే పేరుకుంటుంది. ఒక్కొక్కసారి లోపలి పొర గట్టిపడక, పంచదారలాగా పలుకులు పలుకులుగా ఉండిపోతుంది. దానిమీద కొత్త మంచు బరువు పడితే ఆ పొర నిలవలేదు.

దీనిని మీరే చేసి చూడవచ్చు. ఒక చెక్కపలకకు గోనెగుడ్డ చుట్టండి. దానిమీద పిండి పరచి, పిండిమీద పలచగా పంచదార చల్లండి. మళ్ళీ పిండి మందంగా వేసి, అరచేతితో మెల్లగా అదమండి. ఇప్పుడు పలకను ఒక వైపు కొంచెం కొంచెంగా ఎత్తండి. కాసేపటికి పై పిండి పెళ్ళలుగా విడిపోయి జారుతుంది.

మా బడిలో ఈ ప్రయోగం చేయించినప్పుడు ఒక కుర్రవాడు, "మాస్టారూ, పంచదార లోపల ఉన్నదని పైన నడిచేవాడికి ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు. మంచి ప్రశ్న! కంటికి తెలియదు. అందుకనే కొండలలో తిరిగేవారు ఇతర గుర్తులను కనిపెడతారు.

మొదటిది, వాలు. మీ జామెట్రీ పెట్టెలోని మూలమట్టాలు తీయండి. ఒకదానిలో 30 డిగ్రీల కోణమూ, రెండవదానిలో 45 డిగ్రీల కోణమూ ఉన్నవి. పెద్ద మంచుచరియలు ఎక్కువగా ఈ రెండింటి మధ్య వాలులోనే బయలుదేరతాయి. రెండవది, కాలం. మంచు బాగా కురిసేటప్పుడూ, కురిసిన తరవాత ఒకటి రెండు రోజులూ అపాయం ఎక్కువ. మూడవది, గాలి. అది మంచును ఎగరగొట్టి కొండ అవతలి పక్కన పోగుచేస్తుంది. నాలుగవది, మంచు చెప్పే మాట. కాలు పెట్టగానే లోపల "ధుమ్" మని చప్పుడైనా, పగుళ్ళు పాకినా, పక్క కొండమీద చరియ విరిగి ఉన్నా, వెంటనే వెనక్కు తిరగాలి.

మరొక సంగతి. మంచుకొండలలో షికారుకు పోయి చరియలో చిక్కుకున్నవారిలో చాలామంది, తమ బరువుతోనో, తమతో వచ్చినవారి బరువుతోనో దానిని కదిలించినవారే! అందుచేత వాలును దాటక తప్పనప్పుడు ఒక్కొక్కరే దాటాలి. మిగిలినవారు క్షేమమైన చోట నిలబడి చూస్తూ ఉండాలి. ప్రతివారి దగ్గరా ట్రాన్సీవర్ అనే చిన్న రేడియో పరికరమూ, మంచులో గుచ్చి వెతికే పొడుగాటి కడ్డీ, పార ఉండాలి. పూడిపోయిన మనిషిని పది నిమిషాలలోగా తీస్తే చాలావరకు బ్రతుకుతాడు. అరగంట దాటితే బ్రతికేవారికంటె చనిపోయేవారే ఎక్కువ. ఊళ్ళోకి పోయి సాయం తెచ్చే వ్యవధి ఉండదు సుమా! పక్కనున్న స్నేహితులే తవ్వాలి.

చండీగఢ్‌లో ఉన్న రక్షణశాఖ పరిశోధన సంస్థ ఒకటి మన హిమాలయాలకు మంచుచరియల హెచ్చరికలు తయారుచేస్తుంది. బయలుదేరే ముందు పెద్దలు వాటిని తప్పక తెలుసుకోవాలి.

శీతకాలపు సెలవులలో మీరు మనాలికో, గుల్మార్గ్‌కో వెళ్ళవచ్చు. రాత్రంతా మంచు కురిసి, పొద్దున్నే ఎండ కాస్తుంది. కొండ వెండిలాగా మెరుస్తుంది. "నాన్నా, ఆ పైకి పోయి ఒక్క ఫోటో తీసుకుందాం!" అని మీకు అనిపిస్తుంది. అప్పుడు ఆ ఊరి మనిషి, "ఇవాళ వద్దు బాబూ" అంటే, అతణ్ణి పిరికివాడనుకోకండి. పిండి కింది పంచదారను జ్ఞాపకం చేసుకుని, ఆ పూటకు కింద సమంగా ఉన్న చోటనే ఆడుకోండి. కొండ ఎక్కడికీ పోదు.