రక్తపరీక్షను తప్పుదారి పట్టించు మాత్ర

ధాన్యము తూచునపుడు కాటా మంచిదే యైనను, పళ్లెమున నెవరును గమనింపని రాయి యొకటి యున్నచో తూకము తప్పును. దోషము కాటాది కాదు, తూచిన గుమాస్తాది కాదు. నష్టము మాత్రము రైతుది. వైద్యశాలలలో జరుగు రక్తపరీక్షలకును ఇట్టి చిక్కు కలదు. హాని లేనిదని మనము వాడుకొను మాత్రయే ఒక్కొక్కప్పుడు ఆ రాయి యగుచున్నది.

ఆ మాత్ర పేరు బయోటిన్. ఇది బి వర్గపు విటమిను. కోడిగ్రుడ్డు పచ్చసొన, కాలేయము, వేరుసెనగ మున్నగు ఆహారములందు సహజముగనే లభించును. పెద్దవారికి దినమునకు 30 మైక్రోగ్రాములు చాలును. కాని జుట్టు రాలకుండుటకును, గోళ్లు బలపడుటకును వైద్యుని చీటి లేకయే అమ్ముడగు మాత్రలందు 5 మిల్లీగ్రాములు, 10 మిల్లీగ్రాములు కూడ నుండును. పది మిల్లీగ్రాములనగా దినావసరమునకు మూడువందల రెట్లకు మించినది. దీనివలన దేహమునకు సాధారణముగ కీడు కలుగదు. కీడు పరీక్షయందు కలుగును.

హార్మోనులు రక్తమున మిక్కిలి స్వల్పముగ నుండును. వానిని కొలుచుటకు పెక్కు పరిశోధనశాలలు ఒక యుక్తిని వాడుచున్నవి. స్ట్రెప్టావిడిన్ అను మాంసకృత్తు బయోటిన్‌ను గట్టిగా పట్టుకొనును. కావున పరీక్షాద్రవ్యమునకు బయోటిన్‌ను తగిలించి, స్ట్రెప్టావిడిన్ పూసిన సూక్ష్మకణములచే దానిని పట్టించి, ఆ కణములనుండి వచ్చు వెలుగును కొలుతురు. పశువుల సంతలో గుంజలకు కట్టిన యెడ్లను మాత్రమే లెక్కించు గుమాస్తా నొకని నూహింపుడు. ఊరి పశువులు వచ్చి గుంజలన్నింటిని ఆక్రమించినచో, అమ్మకమునకు తెచ్చిన యెడ్లు లెక్కకు రావు. రక్తమున మిక్కుటముగ నున్న బయోటిన్ చేయు పని యిదియే.

ఇందు మఱియొక మెలిక కలదు. టి.ఎస్.హెచ్. పరీక్షయందు వెలుగు తగ్గినచో హార్మోను తక్కువయని లెక్క. థైరాక్సిన్ పరీక్షయందు వెలుగు తగ్గినచో హార్మోను ఎక్కువయని లెక్క. అందుచే మొదటిది లేని తగ్గుదలను, రెండవది లేని పెరుగుదలను చూపును. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయు రోగమున కనబడు ఫలితములు సరిగా ఇవియే. రెండు పరీక్షలును ఒకదానినొకటి బలపఱచునట్లు తోచుటచే వైద్యుడును నమ్మును. ఆరోగ్యవతియైన గృహిణికి ఆ గ్రంథిని అణచు కార్బిమజోల్ వంటి మందు నిచ్చినచో, లేని రోగమునకు చికిత్స చేసి నిజమైన రోగమును తెచ్చినట్లగును.

ఇది ఊహామాత్రము కాదు. అమెరికా ఆహార ఔషధ నియంత్రణ శాఖ 2017 నవంబరులో దీనినిగూర్చి హెచ్చరించినది. గుండెకు కలిగిన హానిని తెలుపు ట్రోపోనిన్ పరీక్ష, బయోటిన్ వలన తక్కువ చూపిన సందర్భమున ఒకరు మరణించినట్లు నివేదిక యందెనని తెల్పినది. 2019లో మరల హెచ్చరించినది. తరువాత కొన్ని సంస్థలు తమ పరీక్షలను సవరించినవి. బయోటిన్‌తో పనిలేని పద్ధతులును కలవు. అయినను మన రక్తము ఏ యంత్రమునకు పోవునో మనకు తెలియదు.

బయోటిన్ ఒక్కటియే కాదు. ఉబ్బసమునకును, కీళ్లవాపులకును ఇచ్చు ప్రెడ్నిసొలోన్, కొన్ని కార్టిసాల్ పరీక్షలందు కార్టిసాల్‌గనే లెక్కకు వచ్చును.

కావున సభ్యులు గమనింపవలసిన దేమన: పరీక్షకు పోవునపుడు వాడుచున్న మందులనేగాక, జుట్టు మాత్రలను, బలము మాత్రలను, నాటు మందులను కూడ వైద్యునికి చెప్పవలెను, పేరు తెలియనిచో డబ్బానే చూపవలెను. థైరాయిడ్ పరీక్షకు కనీసము రెండు దినములు ముందుగా బయోటిన్ మానవలెనని అమెరికా థైరాయిడ్ వైద్యసంఘము చెప్పుచున్నది. మోతాదు మిక్కిలి హెచ్చైనచో ఇంకను ఎక్కువ కాలము పట్టవచ్చును. వైద్యుడు వ్రాసియిచ్చిన మందులను మాత్రము ఆయన ననుమతి యడుగక మానరాదు. ప్రెడ్నిసొలోన్ హఠాత్తుగ నిలుపుట ప్రాణాపాయకరము. గుండెనొప్పి వచ్చినవారు దినముల గడువునకై వేచియుండరాదు. వెంటనే వైద్యశాలకు పోయి, బయోటిన్ సంగతి అచ్చటనే చెప్పవలెను.

దేహస్థితికిని పరీక్షాఫలితమునకును పొత్తు కుదరనిచో, మందు మొదలిడుటకు ముందు మఱల పరీక్షింపుమని కోరుట తప్పు కాదు. తూకము సందేహమైనచో బస్తాను మఱల తూపించుకొను రైతు, తన యింటివారి ఆరోగ్యవిషయమున అంతకంటె తక్కువ జాగ్రత్త వహింపకుండుగాక.