పుట్టింది కరాచీలో... పట్టింది పల్లెల్ని!

వాల్మీకిపురం: జనం నేటికీ వాయల్పాడు అనే పిలుచుకునే ఈ ఊరికి వాల్మీకి మహర్షి పేరు పెట్టుకున్నారు. లోకాపవాదానికి గురైన సీతమ్మకు నీడనిచ్చింది ఆ మహర్షి ఆశ్రమమేనని ఇక్కడి పట్టాభిరాముడి గుడికి వచ్చే వారందరికీ తెలిసిన కథే. ఆధారం లేని మాట ఊరంతా పాకితే రాజు ఇల్లాలికే అడవి తప్పలేదు. ఇక మామూలు మనిషి సంగతి చెప్పేదేముంది?

ఆనాడు పుకారు ఆ నోటా ఈ నోటా నడిచింది. నేడు సెల్‌ఫోన్ ఎక్కి పరుగులు తీస్తోంది. దేశాల సరిహద్దులు కూడా దానికి అడ్డు కావడం లేదు.

చివర కత్తిరించారు

"పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయి" అన్న వదంతి 2018 వేసవిలో దక్షిణాది పల్లెలను వణికించింది. మోటారు సైకిలుపై వచ్చిన ఇద్దరు వీధిలో పిల్లవాణ్ణి ఎత్తుకుపోయే వీడియో ఒకటి ఫోన్లలో తిరిగింది. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం ఓ సేవాసంస్థ తీయించిన చిత్రం. చివరలో ఆ ఇద్దరూ పిల్లవాణ్ణి తిరిగి దింపి, తల్లిదండ్రులను హెచ్చరించే అట్ట చూపుతారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. అంతే, హెచ్చరిక కాస్తా నేరమై కూర్చుంది. 2013లో సిరియా యుద్ధంలో విషవాయువుకు బలైన పసివారి ఫోటోను కూడా ఈ ముఠాల పనేనంటూ తిప్పారు.

ఫలితం ఘోరం. ఆ ఏడాది మే నెలలో తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లా పోలూరు దగ్గర గుడికి బయలుదేరిన ఓ వృద్ధురాలు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. జనం ఆమెను కొట్టి చంపారు. అదే నెలలో బెంగుళూరు చామరాజపేటలో ఓ రాజస్థాన్ యువకుడి ప్రాణం పోయింది.

గద్వాలలో మోగిన డప్పు

అదే భయం తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాకూ పాకింది. ఎండాకాలమైనా జనం ఆరుబయట పడుకోవడం మాని తలుపులు బిగించుకుంటున్న సంగతిని ఊళ్ళు తిరిగే పోలీసులు గమనించారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కేసులతో సరిపెట్టలేదు. కానిస్టేబుళ్ళను ఊరూరా పంపించారు. డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఏది బూటకమో రచ్చబండ దగ్గరే విప్పి చెప్పించారు. గ్రామాల వాట్సాప్ బృందాల్లో పోలీసులు చేరారు. ఆమె పరిధిలోని 400కు పైగా గ్రామాల్లో ఈ పుకారుకు ఒక్క ప్రాణమూ బలి కాకపోవడం గమనార్హం.

ఓటుకూ ఇదే ముప్పు

2025 మేలో భారత్, పాకిస్తాన్‌ల మధ్య ఘర్షణ జరిగినప్పుడు కంప్యూటర్ ఆటల బొమ్మలను యుద్ధ దృశ్యాలంటూ ప్రచారం చేశారు. 2024 ఎన్నికల వేళ బూటకపు వీడియోలు తమ దృష్టికి వచ్చిన మూడు గంటల్లో తొలగించాలని ఎన్నికల సంఘం మే 6న పార్టీలను ఆదేశించింది. మన రాష్ట్రంలో పోలింగు మే 13న. మీట నొక్కేది వేలే అయినా, ఎటు నొక్కాలో తేల్చేది మనసు. ఆ మనసులో అబద్ధం నాటితే, పెట్టెలో ఓటు భద్రంగా ఉన్నా ప్రజాస్వామ్యం ఓడినట్టే.

అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు ట్విట్టర్‌లో తిరిగిన లక్షా 26 వేల కథనాలను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. నిజం కంటే అబద్ధాన్ని మరొకరికి పంపే అవకాశం 70 శాతం ఎక్కువట. దానికి ప్రధాన కారణం యంత్రాలు కాదు, మనుషులేనని వారు తేల్చారు.

మండీ తెలివి చాలు

దీనికి పెద్ద చదువులు అక్కరలేదు. టమోటా రైతు ఒక్క దలారి మాట నమ్మి క్రేట్లు బండికెక్కించడు. మదనపల్లెలో ధరెంత, కోలారులో ధరెంత అని నలుగురినీ విచారిస్తాడు. ఫోన్‌లో వచ్చిన కబురుకూ అదే పరీక్ష పెట్టాలి. ఎవరు పంపారు? ఎక్కడిది? ఎప్పటిది? ఇంకెవరైనా చెప్పారా? జవాబు దొరకకపోతే పంపకుండా ఊరుకోవడమే మేలు.

ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ 2018 జులైలో మన దేశంలో హద్దు పెట్టింది. అయితే ఆ ఐదింటికీ పంపాలా వద్దా అన్నది ఫోను పట్టుకున్న వారి చేతిలోనే ఉంది. కరాచీలో పుట్టిన కబురైనా ఆగాల్సింది మన ఊరి పొలిమేరలోనే.